ఎడమచేతి పూత

సోమవారం పొద్దున ఏడున్నరకి వీబె ఒక పగులు మూస్తున్నాడు.

మూడో అంతస్తు, అమ్మకానికి పెట్టిన ఫ్లాటు. పడగ్గది కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పాకిన పగులు. అట్టే పెద్దదేం కాదు. ఇరవయ్యేళ్ళుగా రాటర్‌డామ్ గోడలకి పూత పూసి బతుకుతున్నవాడికి ఇలాంటివి లెక్కలోకి రావు. కత్తి మొనతో దాని అంచులు విప్పాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, తడిపి, జిప్సం ముద్ద కూరాడు. పైన జాలీ టేపు అతికించి వెడల్పాటి తాపీతో రెండు పొరలు లాగాడు. రెండో పొర బిగుసుకోబోయే ముందు నీళ్ళు చిలకరించి, స్పాంజి తిప్పి, తాపీని దాదాపు పడుకోబెట్టి కింది నుంచి పైకి ఒక్క ఊపున తీశాడు. అక్కడ పగులుండేదన్న సంగతి ఇక ఆ గోడకే గుర్తులేదు.

"ఎందుకు పగిలిందంటారు?" అంది ఇంటావిడ కాఫీ అందిస్తూ.

"పాత ఇల్లు కదండీ," అన్నాడు వీబె.

పూత మేస్త్రీలందరూ చెప్పే మాటే అది. అడిగినవాళ్ళకి కావలసిందీ ఆ మాటే. ఆవిడ తేలికపడి వెళ్ళిపోయింది. వీబె పనిముట్లు కడుక్కున్నాడు. అతని మనసు ఈ గోడ మీద లేదు. మధ్యాహ్నం మూడింటికి అతను సొంత ఇంటికి సంతకం పెట్టబోతున్నాడు.

స్కిప్పర్ వీధి, ముప్పైనాలుగో నంబరు. ఒకే గోడల మీద ఒకదానికొకటి ఆనుకున్న నాలుగు ఎర్రిటుక ఇళ్ళ వరసలో మూడోది. తాతలనాటి కట్టడం. ఎత్తయిన పైకప్పులు, కింద రెండు పెద్ద గదులు, వాటి మధ్య పక్కకి జరిగే తలుపులు, వెనక నాలుగు కుండీలూ ఒక బెంచీ పట్టే పెరడు, పైన ఇంకో నాలుగు గదులు. వాటన్నిటిలోకీ వీబెకీ అతని భార్య మిర్తెకీ కావలసింది కింద ముందుగది. మిర్తె తండ్రి బస్తియాన్ రేవులో క్రేన్ నడిపిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పనిచెయ్యవు. రెండో అంతస్తులో వీళ్ళ అద్దె ఇంట్లో ఉంటూ, చలి మొదలైన దగ్గర్నుంచి వీధి మొహం చూడలేదు. వచ్చే నెల ఒకటో తారీకుకి వృద్ధుల ఆశ్రమంలో ఆయనకి మంచం రాసిపెట్టారు, రెండు రైళ్ళు మారి వెళ్ళాల్సిన ఊళ్ళో. నేలమట్టంలో ఒక గది దొరికితే ఆయన వెళ్ళక్కర్లేదు. దొరక్కపోతే వెళ్ళాలి. అంతే సంగతి.

ఇల్లు చూడ్డానికి ఇచ్చింది పావుగంట. ఆ రోజు పేవ్‌మెంటు మీద పంతొమ్మిది కుటుంబాలు వరస కట్టాయి. వీళ్ళ వెనకే ట్రామ్ డ్రైవర్ యూనిఫాంలో ఒక యువతి, తల్లిని చెయ్యి పట్టుకుని నిలబడింది. లోపలికి వెళ్ళాక ఆ పిల్ల మెట్ల వెడల్పుని రెండు చేతులూ చాచి కొలవడం వీబె చూశాడు. తను మాత్రం గోడలు చూశాడు. అరచెయ్యి ఆనించి, వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా బోలు చప్పుడు లేదు. గోడ రాయిలా పలికింది.

"తనిఖీ మనిషిని ఒకణ్ణి తీసుకెళ్ళకూడదూ?" అంది మిర్తె ఆ రాత్రి.

"నా చేతికి తెలియని గోడ ఉందా ఈ ఊళ్ళో?" అన్నాడు వీబె. "తనిఖీ షరతు పెట్టామా, ధర రాసిన మన కవరు విప్పను కూడా విప్పరు."

అలా షరతులేవీ లేకుండా కవరు వేశాడు. అదీ చాలక, ఇల్లు చూశానని గాని, కవరు వేశానని గాని ఒక్కరికీ చెప్పలేదు. ఈ ఊళ్ళో అందరూ అంతే. కడుపు సంగతి మూడో నెలలో చెప్తారు గాని ఇంటి సంగతి సంతకం అయ్యేదాకా అన్నదమ్ములకైనా చెప్పరు. చెవిన పడ్డవాడు తనే ఒక కవరు వేస్తాడని భయం. వీబె ఇరవయ్యేళ్ళుగా ఒకే గమేళాలో పూత కలుపుకుంటున్న యజమాని క్రైన్‌కి కూడా చెప్పలేదు. అదిగో, అక్కడ చేశాడు పొరపాటు మహానుభావుడు.

మూడింటికి ఇళ్ళ ఏజెంటు వెర్మాస్ ఆఫీసులో సంతకాలయ్యాయి. వెర్మాస్ సన్నగా, ఇస్త్రీ నలగని మనిషి, కాగితాలు ఒక్కొక్కటీ వేలి చివరతో తిప్పుతూ వచ్చాడు. ఇల్లమ్మేవాళ్ళు నింపే ప్రశ్నల పుస్తకం కూడా జత చేశాడు. కప్పు కారుతుందా, చెదలున్నాయా, పునాదిలో లోపాలేమైనా ఎరుగుదురా, అన్నీ అందులో ఉంటాయి. పునాది దగ్గర వణికే ముసలి అక్షరాలతో "తెలియదు" అని ఉంది. ఊళ్ళో అందరూ అక్కడ అదే రాస్తారు కాబట్టి వీబె పేజీ తిప్పేశాడు.

"గురువారం అర్ధరాత్రి దాకా మీకు గడువుంది," అన్నాడు వెర్మాస్. "కారణం చెప్పక్కర్లేదు, ఒక్క ముక్క రాసి పంపితే ఒప్పందం రద్దు. చట్టంలో ఉంది కాబట్టి చెప్పాలి. ఎవరూ వాడుకోరనుకోండి."

మిర్తె అప్పటికే కర్టెన్ల రంగు గురించి ఆలోచిస్తోంది.

మంగళవారం సాయంత్రం బస్తియాన్‌కి గది చూపించడానికి బయల్దేరారు. వీబె మామని వీపున వేసుకుని రెండంతస్తులూ దించాడు. ప్రతి మలుపులోనూ ఆయన "గోడకి గీసుకోనీకు, బరువు జాగ్రత్తరోయ్, నేను దించిన పెట్టెల్లో ఒక్కటీ పగల్లేదు," అంటూ క్రేన్ కింద మనిషికి సైగ చేసినట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వెనకాల మిర్తె ఆయన చక్రాల వాకరు మోసుకొచ్చింది.

స్కిప్పర్ వీధిలో కారు దిగుతుంటే ముప్పైరెండో నంబరు మనిషి గుమ్మంలో కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు.

"కొత్తవాళ్ళు మీరేనా? సంతకాలయ్యాయా?"

"నిన్ననే అయ్యాయండి."

"హమ్మయ్య," అన్నాడాయన. వెంటనే సర్దుకున్నాడు. "అదే, మంచిదంటున్నా. మంచి ఇరుగుపొరుగు."

వీళ్ళు గుమ్మం ఎక్కేలోపు అటువైపు ముప్పైఆరో నంబరు తలుపు తెరుచుకుంది. అందులోంచి ఒకావిడ పళ్ళెంలో ఆపిల్ కేకు పట్టుకొచ్చి మిర్తె చేతిలో పెట్టింది.

"సంతకాలయ్యాయటగా. మీ ఆయన గోడల పనివాడని వెర్మాస్ చెప్పాడు. చేతిలో పనున్నవాళ్ళు రావడం మా వరసకే మంచిది."

ఇద్దరు మనుషులు, ఒకే మాట. వీబెకి ఏదో ముల్లు గుచ్చుకున్నట్టనిపించింది గాని, కేకు వేడిగా ఉంది, మిర్తె మొహం వెలిగిపోతోంది.

ఇంటి యజమానురాలు అలైదాకి ఎనభై ఒకటి. తలుపు తీసి, ముగ్గురికీ చేతులు కలిపి, ముందుగదిలో కూర్చోబెట్టి కాఫీ పోసింది. రేకు డబ్బా మూత తీసి తలా ఒక బిస్కట్ ఇచ్చి, మూత మళ్ళీ గట్టిగా నొక్కింది. కిటికీకి తెర లేదు, వీధి మొత్తం లోపలికి చూస్తోంది. బస్తియాన్ కిటికీ పక్క కుర్చీలో కుదురుకుని, రేవు వైపు కనపడే ఆకాశం ముక్కని తల వంచి చూసుకుని, "మంచం ఇక్కడ," అని నేలమీద చెప్పుతో గీత గీశాడు. చాలా నెలలకి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి ఆజ్ఞ అది. మిర్తె కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు వాకరు కదిలింది.

గది మధ్యలో దాన్ని వదిలేసి కూర్చున్నారు, బ్రేకు వెయ్యడం మర్చిపోయారు. ముందు ఒక చక్రం కొద్దిగా తిరిగింది, తర్వాత నాలుగూ దారి పట్టాయి. ఎవరూ తొయ్యకుండానే, ఎవరో నెమ్మదిగా నడిపించుకెళ్తున్నట్టు, వాకరు చెక్క నేల మీద గదంతా దాటింది. ముప్పైరెండో నంబరు వైపు ఉమ్మడి గోడకి తగిలి ఆగింది.

"నాకంటే దానికే తొందరగా ఉంది," అన్నాడు బస్తియాన్.

మిర్తె పకపకా నవ్వింది. "పాత ఇల్లు కదా నాన్నా."

అలైదా నవ్వలేదు. లేచి వెళ్ళి వాకరుని వెనక్కి తెచ్చి బ్రేకు వేసింది. వీబె చూపు ఆవిడ టీ బల్ల మీద పడింది. దానికీ చక్రాలున్నాయి. ఉమ్మడి గోడ వైపు చక్రాల కింద మడతపెట్టిన అట్టముక్కలు. అల్మరా ఒకవైపు కాళ్ళ కింద బిరడా చెక్కలు. గోడ అడుగు పొడుగునా కొత్త చెక్కపట్టీ, మామూలు దానికంటే జానెడు ఎత్తుది. అంత ఎత్తు పట్టీ ఎందుకు వేస్తారో అతనికి తెలుసు. కిందకి జారిన నేలకీ గోడకీ మధ్య సందు కప్పడానికి.

"పైన బాత్‌రూమ్ ఎక్కడండీ?" అన్నాడు.

"మెట్లెక్కి కుడివైపు," అంది అలైదా. ఆవిడ చూపు మాత్రం అతని చేతుల మీదే ఉంది.

మెట్లు పైకెక్కి మొదటి మలుపులో ఆగాడు. బాత్‌రూమ్ తలుపు పై అంచు వంక చూశాడు. చట్రం ఒరిగినకొద్దీ తలుపు బిగుసుకుని ఉంటుంది. ఎవరో చిత్రిక పట్టి ఒక మూల వేలెడు తగ్గించారు. దాన్నీ ఆ రోజు పావుగంటలో చూడలేదు. గోడ తట్టిన చెవికి కళ్ళు లేకపోయాయి. ఫోన్ లైటు వెలిగించి మెట్ల గోడకి బల్లపరుపుగా ఆనించాడు. ఎదురు వెలుతురులో నున్నగా ఉండే గోడ పక్క వెలుతురులో తన కథంతా కక్కేస్తుంది. తాపీ తిరిగిన చోటల్లా పల్చటి విల్లు గీతలు కనపడ్డాయి. వీబె గీస్తే అవి కుడి నుంచి పైకి వంగుతాయి. ఇవి ఎడమ నుంచి వంగాయి. ప్రతి విల్లు కొసా చిన్న మెలిక తిరిగి ఆగింది.

ఆ మెలిక అతనికి చిన్నప్పటి అక్షరాలంత తెలుసు. పూత నేర్చుకునే రోజుల్లో ఆ చెయ్యి చూసే నేర్చుకున్నాడు. ఊళ్ళో ఎడమచేత్తో తాపీ పట్టే పూత మేస్త్రీ ఒక్కడే. అది క్రైన్.

వీబె లైటు ఆర్పేసి మెట్టు మీద కూర్చుండిపోయాడు. కింద మిర్తె నవ్వు వినిపిస్తోంది. బస్తియాన్ మంచం ఏ దిక్కుకి తల పెట్టాలో చెప్తున్నాడు.

బుధవారం పొద్దున్నే ఒక డాక్టర్ల క్లినిక్ వసారాలో పని. క్రైన్ గమేళాలో నీళ్ళు పోసి జిప్సం చల్లుతున్నాడు. అరవై దాటిన మనిషి, భుజాలు మాత్రం తలుపంత.

"స్కిప్పర్ వీధి ముప్పైనాలుగులో మెట్ల గోడ నువ్వే పూశావా?" అన్నాడు వీబె.

"ఎవడు చెప్పాడు?"

"నీ చెయ్యే చెప్పింది."

క్రైన్ కలపడం ఆపలేదు. "పోయిన చలికాలంలో. వెర్మాస్ పని. అయితే ఏంటి?"

"గోడ మీద గాజు ఉందా?"

కలిపే కర్ర ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు బద్ద అతికించి, పక్కన పెన్సిల్‌తో తారీకు వెయ్యడం ఈ ఊరి అలవాటు. గోడ నిద్రపోతుంటే గాజు అలాగే ఉంటుంది. గోడ కదిలితే గాజు విరుగుతుంది.

"రెండున్నాయి," అన్నాడు క్రైన్. "రెండూ విరిగే ఉన్నాయి. ఊడబీకి పూసెయ్యమన్నాడు, పూశాను. నీకెందుకు ఈ గొడవంతా?"

"ఆ ఇల్లు నేను కొన్నాను."

అప్పుడు ఆపాడు. కర్రని గమేళా అంచుకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వీబె మొహంలోకి చూశాడు.

"ఒరే దరిద్రుడా. నాతో ఒక్క ముక్క అనుంటే నీ కాళ్ళు విరగ్గొట్టయినా ఆపేవాణ్ణి కదరా."

"చెప్తే నువ్వు కవరు వేస్తావనుకున్నా."

"నేనా? నాకు ఇల్లెందుకురా, సమాధికి పోయే వయసులో." క్రైన్ గొంతు తగ్గించాడు. "ఎప్పుడు పెట్టావు సంతకం?"

"సోమవారం."

"అయితే రేపటిదాకా టైముంది. వెనక్కి తీసేసుకో. కారణం రాయకు. వెర్మాస్‌తో గొడవ పెట్టుకోకు, మన పనిలో సగం అతనిదే."

"నీకెలా మనసొప్పింది క్రైన్? విరిగిన గాజు మీద పూత పూయడానికి?"

"నీకెలా ఒప్పుతోంది?" అన్నాడు క్రైన్, కోపం లేకుండానే. "మొన్న సోమవారం ఆ ఫ్లాటులో మూశావే, అది ఎందుకు పగిలిందో అడిగావా? ఎన్ని మూశావు ఇప్పటిదాకా? మూసేవాడు అడగడు, ఒరే. అడిగేవాడికి ఆ పని ఇవ్వరు."

వీబె తాపీ అందుకున్నాడు. ఇద్దరూ గోడకి అటొకరు ఇటొకరు నిలబడి మధ్యాహ్నం దాకా పని చేశారు. పూత బాగానే వచ్చింది.

సాయంత్రం అయిదింటికి ఒక్కడే స్కిప్పర్ వీధికి వెళ్ళాడు. సంచిలో కత్తి, సుత్తి, రసమట్టం ఉన్నాయి. అలైదా తలుపు తీసి సంచి వంక చూసి, ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకుంది.

"మెట్ల గోడ కొంచెం విప్పి చూడాలి మేడమ్. మీరు ఒప్పుకుంటేనే."

"ఇల్లింకా నాదేగా," అంది. "విప్పండి."

ముందు రసమట్టం నేలమీద పెట్టాడు. గాలిబుడగ గీతల మధ్య ఒక్క క్షణమైనా నిలవకుండా ఒక కొసకి పరిగెత్తి అతుక్కుపోయింది. మెట్ల మలుపులో గోడకి కత్తి దించి నాలుగువైపులా అరచెయ్యంత గీశాడు. సుత్తితో మెల్లగా తట్టాడు. పూత పెచ్చు ఒక్క ముక్కగా ఊడొచ్చింది. కింద జాలీ, దాన్ని చింపితే పగులు. ఇటుకలు మెట్లు మెట్లుగా విడిపోయి, ఒక వరస ఇంకోదాన్ని వదిలేసి కిందకి దిగింది. చలిగాలి వేళ్ళకి తగిలింది. పగులు అంచున జిగురులో ఇరుక్కుని గోరంత గాజు ముక్క మిగిలుంది. పక్కనే పెన్సిల్ గీతలో సగం తారీకు.

వెనక మెట్టు మీద అలైదా నిలబడి ఉంది.

"మా ఆయన అతికించాడు," అంది. "రోజూ పొద్దున్నే చొక్కా వేసుకోకముందే వచ్చి చూసేవాడు. ఆయన పోయిన ఏడు విరిగింది."

"పునాది కింద కర్ర గుంజలేనా?"

"గుంజలే. నాలుగిళ్ళకీ ఒకటే వరస. నీళ్ళలో మునిగున్నంత కాలం అవి ఇనుమే. నేలలో నీరు తగ్గి వాటి తలలు బయటపడ్డాయి, పుచ్చిపోయాయి. నాలుగిళ్ళవాళ్ళూ కలిసి వేస్తే గాని కొత్తవి వెయ్యడం కుదరదట. ముగ్గురు సరే అన్నారు. నా దగ్గరేముంది, పింఛను తప్ప? వారం వారం వచ్చి కూర్చునేవాళ్ళు ఇదే గదిలో. నీవల్ల మా ఇళ్ళు కూలుతున్నాయి అలైదా, అనేవాళ్ళు. నలభై ఏళ్ళు పిల్లల్ని ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం వదిలి వెళ్ళినవాళ్ళం. చివరికి వాళ్ళే వెర్మాస్‌ని తీసుకొచ్చారు. పెట్టుబడి పెట్టగలిగే మనిషి వస్తాడు, నువ్వు నోరు మూసుకుని కూర్చో అన్నారు."

"కాగితంలో తెలియదని రాశారు మీరు."

"మీ పేరు మీద పునాది రిపోర్టు ఉందా అని అడిగాడు వెర్మాస్. లేదన్నాను. లేనప్పుడు తెలియదనే రాయాలి అన్నాడు." ఆవిడ శాలువాని మెడ చుట్టూ బిగించింది. "ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరైనా అడిగితే చెప్దామనే కూర్చున్నాను ఆ రోజు. పంతొమ్మిది కుటుంబాలు. ఒక్కరూ అడగలేదు. మీరు పూత మేస్త్రీ అని తెలిసి, ఈయన కనిపెడతాడు అనుకున్నాను. మీరు గోడ తట్టి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు."

వీబెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గాజు ముక్కని పగుల్లోనే వదిలేసి, నేలమీది పెచ్చులు చేత్తో ఎత్తి సంచిలో వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం మిర్తెకి అంతా చెప్పాడు. ఆవిడ వంటగది బల్ల ముందు కూర్చుని విన్నది. చేతిలో కర్టెన్ గుడ్డ ముక్కలున్నాయి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి అంచులు సరిచేసింది.

"నాన్న మంచానికి నేలమీద గీత గీసుకొచ్చాడు," అంది చివరికి.

"తెలుసు."

"మనం మన వాటా వేసి బాగుచేయిద్దాం. ఎలాగోలా."

"ఉన్నదంతా ఇంటికే పోతుంది, అలైదా లాగే మనమూ చేతులెత్తేస్తాం మిర్తె. బాగయ్యేదాకా ఆ గదిలో ఆయన్ని పడుకోబెట్టి నేను నిద్రపోలేను."

"నా చెయ్యి నా చెయ్యి అని ఊరంతా చెప్పుకున్నావు. ఒక్క మనిషిని తీసుకెళ్ళమంటే వినలేదు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది అతనికి.

పక్కగదిలోంచి బస్తియాన్ గొంతు వచ్చింది. "గోడలు పల్చన ఇక్కడ, అన్నీ వినపడుతున్నాయి. రాసి పడేయ్ రా వీబె. ఒరిగిన నేల మీద క్రేన్ నిలబెట్టకూడదు, అది నేను నలభై ఏళ్ళు చెప్పిన పాఠం." తర్వాత, "ఆ ఊళ్ళో ఆశ్రమం కిటికీలోంచి ఏం కనపడుతుందో కనుక్కో మిర్తె," అన్నాడు.

నాలుగింటికి వీబె ఒక్క వాక్యం రాసి వెర్మాస్‌కి పంపాడు. కారణం రాయలేదు. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది, అందింది అని మాత్రమే. అందులో కోపమూ లేదు, ఆశ్చర్యమూ లేదు.

శుక్రవారం ఉదయం క్రైన్ వ్యాన్ దగ్గర ఎదురు చూస్తున్నాడు.

"ముప్పైనాలుగులో మెట్ల గోడకి ఎవడో అరచెయ్యంత బొక్క పెట్టాడట. ఈ మధ్యాహ్నం రెండో కవరువాళ్ళు వచ్చి చూసి వెళ్తారు, సోమవారం సంతకం. రెండింటికల్లా మూసెయ్యమన్నాడు వెర్మాస్."

"నేను వెళ్ళను."

"తవ్వింది నువ్వని అతనికి తెలిసిపోయింది. నువ్వే మూస్తే ఊరుకుంటానన్నాడు. లేకపోతే మనిద్దరికీ ఆ ఆఫీసు తలుపు మూసుకుంటుంది. నా దగ్గర పనిచేసేవాళ్ళు నలుగురున్నారు." క్రైన్ ఆ ఇంటి తాళాలు అతని చేతిలో పెట్టాడు. "గంట పని. కళ్ళు మూసుకుని చేసిరా. ఇల్లు నీది కాదుగా ఇక."

వీబె వెళ్ళాడు. ఇందులో గొప్పగా చెప్పుకోవడానికేం లేదు, వెళ్ళాడు. అలైదా ఇంట్లో లేదు, ఆవిడని ఆ పూటకి ఎక్కడికో పంపించేశారు. పగులు అంచులు తడిపాడు. గాజు ముక్క మెరిసింది. దాని మీదుగానే జిప్సం కూరాడు. జాలీ అతికించాడు, మొదటి పొర లాగాడు, ఆరేదాకా మెట్టు మీద కూర్చుని చేతులు చూసుకున్నాడు. రెండో పొర లాగాడు. స్పాంజి తిప్పాడు. చివరి ఊపు తీస్తుంటే చెయ్యి దానంతటది ఎడమవైపుకి వంగింది, క్రైన్ గీతలతో కలిసిపోవడానికి. ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు. మరీ తడిగా మెరుస్తోంది, అంతే తేడా.

కింద ముందుగదిలో బకెట్ కడుగుతుంటే తలుపు తెరుచుకుంది. వెర్మాస్ గుమ్మం బయటే ఫోన్‌లో మాట్లాడుతూ ఆగిపోయాడు. లోపలికి వచ్చింది ట్రామ్ డ్రైవర్ పిల్ల. అదే యూనిఫాం, మెడలో తాడుకి ఫొటో ఉన్న డ్యూటీ కార్డు. తెల్లటి పని బట్టల్లో ఉన్న మనిషిని ఆమె గుర్తుపట్టలేదు.

"నాదిరా," అంటూ చెయ్యి కలిపింది. "షిఫ్టుకి మధ్యలో పరిగెత్తుకొచ్చాను. ముందు కొన్నవాళ్ళు వెనక్కి తగ్గారట. మా అమ్మ నిన్నట్నుంచీ నిద్రపోలేదు సంతోషంతో. కింద గది ఆమెకి. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది."

"ఎక్కడ వేస్తారు మంచం?" అన్నాడు వీబె. అడగకుండా ఉండాల్సింది.

"కిటికీ పక్కన," అంది నాదిరా. బస్తియాన్ గీత గీసిన చోటే నిలబడింది. "మీరు గోడల పని కదా, మీకు తెలుస్తుంది. ఇల్లు బాగుందాండీ? తనిఖీ మనిషిని పెడతానంటే మాకు ఇవ్వరని పెట్టలేదు."

వెర్మాస్ ఫోన్‌లోనే మాట్లాడుతూ కిటికీలోంచి ఇటు చూశాడు, చిరునవ్వుతో చెయ్యి ఊపాడు.

"పూత మంచిదే," అన్నాడు వీబె.

అది అబద్ధం కాదు. అతను వంగి, ఖాళీ బకెట్‌ని నీళ్ళొంపుతున్నట్టు గది మధ్యలో పక్కకి పడుకోబెట్టి, చెయ్యి తీసేశాడు. బకెట్ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత దొర్లింది. గడగడా చప్పుడు చేసుకుంటూ చెక్కల మీద గదంతా దాటి ఉమ్మడి గోడకి తగిలి ఆగింది. ఇంతకంటే స్పష్టంగా ఏ రిపోర్టూ చెప్పలేదు. ఇక ఆమె అడగాలి. అడిగితే చెప్తాడు.

నాదిరా నవ్వింది.

"పాత ఇల్లు కదా," అంది.

ఆ మాట వీబె చెవిలో తన గొంతుతోనే పడింది. ఇరవయ్యేళ్ళుగా తను అందరి చేతా అనిపించిన మాట, పళ్ళెంలో కేకులా చేతికందించిన మాట. అలైదా ఎదురు చూసింది, ఎవరో ఒకరు అడుగుతారని. ఆమె కూర్చున్న చోటే ఇప్పుడు తను నిలబడి ఉన్నాడు, అదే కాచుకుని.

"ఒకసారి పైకి రండి," అన్నాడు.

మెట్ల మలుపులో తడి పూత నిగనిగలాడుతోంది. నాదిరా అరచెయ్యి ఆనించబోయింది. "ఆగండి, ఆరలేదు," అని వీబె సంచిలోంచి వెడల్పాటి తాపీ తీశాడు. తాపీ అంచుని పూత పై కొసకి ఆనించి, బలంగా నొక్కి, కిందకి ఒక్క ఊపున లాగాడు. పూత వెన్నలా ముద్దగా వచ్చేసింది. జాలీ దానితోపాటే ఊడింది. ఇంకోసారి లాగాడు. కత్తి మొనతో పగుల్లో ఉన్న జిప్సాన్ని గీకి నేలమీద పోశాడు. తెల్లటి పని బట్టల మీద చిందింది. అతను తుడుచుకోలేదు. పగులు మళ్ళీ చలిగాలి వదిలింది.

"అడగండి," అన్నాడు వీబె. "ఎందుకు పగిలిందో నన్ను అడగండి."

నాదిరా అడగలేదు. మెడలోంచి కార్డు తీసింది. దాన్ని అడ్డంగా పట్టుకుని పగుల్లో పెట్టి తోసింది. తన పేరు దాకా దిగింది, ఫొటో దాకా దిగింది, ఆమె వేళ్ళు ఇటుకకి తగిలేదాకా దిగింది. మెల్లగా వెనక్కి లాక్కుని తెల్లటి పొడిని యూనిఫాంకి తుడుచుకుంది.

"ఆ ముందు కొన్నవాళ్ళు," అంది, "మీరేనా?"

"నేనే."

కింద గుమ్మం చప్పుడైంది. వెర్మాస్ ఫోన్ ముగించి లోపలికి వచ్చాడు.

"మేస్త్రీ గారూ, పని అయిపోయిందా?"

"అయిపోయింది," అన్నాడు వీబె. తాపీ కడుక్కోవాలి. బకెట్ కోసం మెట్లు దిగాడు.